ప్రొస్టేట్ మందు వాడుతుంటే పీఎస్‌ఏ అంకెను రెట్టింపు చేసి చూడాలి

ప్రశ్న: నా వయసు 64. రాత్రిళ్లు నాలుగైదు సార్లు మూత్రానికి లేచేవాడిని, ధార సన్నగా, ఆగి ఆగి వచ్చేది. స్కానింగ్‌లో ప్రొస్టేట్ 52 గ్రాములు ఉందన్నారు. ఏడాదిగా టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన క్యాప్సూల్ రోజూ వేసుకుంటున్నాను. ఇప్పుడు హాయిగానే ఉంది. కానీ ఇది హార్మోన్ మందనీ, మగతనం దెబ్బతింటుందనీ తెలిసినవాళ్లు అంటున్నారు. దీన్ని సరిగ్గా పరీక్షించే ఇస్తున్నారా? మందు మొదలుపెట్టక ముందు పీఎస్‌ఏ 3.8, ఆరు నెలలకు 1.9, మొన్న 2.7 వచ్చింది. నాలుగు లోపే కాబట్టి నార్మల్ అని ల్యాబ్‌లో చెప్పారు. మా అమ్మాయి పురిటికి ఇంటికి వచ్చింది. తనకేమైనా ఇబ్బందా?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు మందు గురించి భయపడుతున్నారు, పీఎస్‌ఏ గురించి నిశ్చింతగా ఉన్నారు. నేనైతే ముందు పీఎస్‌ఏ సంగతే చూడమంటాను. పీఎస్‌ఏ అంటే ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్, రక్తపరీక్షలో దాన్ని కొలుస్తారు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నా ఇది పెరగవచ్చు. డ్యూటాస్టెరైడ్ ఆరు నెలలు వాడేసరికి పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుంది. మీకు 3.8 నుంచి 1.9కి రావడం అలా జరిగిందే. అందుకే ఈ మందు వాడేవాళ్ల రిపోర్టులో వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూస్తాం. మీ 2.7ను 5.4గా లెక్కించాలి. నాలుగు లోపు నార్మల్ అనే కొలత మీకిప్పుడు వర్తించదు. పైగా 1.9కి దిగిన అంకె మళ్లీ పైకి వచ్చింది. మందు వాడుతుండగా పీఎస్‌ఏ పెరిగితే కారణం తేల్చుకోవాల్సిందే.

అంతమాత్రాన క్యాన్సర్ అని టెన్షన్ పడొద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, మధ్యలో కొన్ని వారాలు క్యాప్సూల్ మానేసినా అంకె పెరుగుతుంది. మానేసి ఉంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. మూత్ర పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ లేదని తేలాక, కొన్ని వారాల్లో అదే ల్యాబ్‌లో పీఎస్‌ఏ మళ్లీ చూపించండి. పరీక్షకు ముందు రెండు రోజులు లైంగిక కలయిక వద్దు. అప్పటికీ ఎక్కువే ఉంటే యూరాలజిస్ట్ వేలితో ప్రొస్టేట్‌ను పరీక్షించి, ఎంఆర్ఐ రాస్తారు. బయాప్సీ కావాలో లేదో ఆ తర్వాతి మాట. పరీక్ష కోసమని పది రోజులు మందు ఆపడం వల్ల ఉపయోగం లేదు. ఇది ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది.

ఇక మందును పరీక్షించారా అన్న ప్రశ్న. చాలా లోతుగా పరీక్షించారు. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ మన ఒంట్లో డీహెచ్‌టీ అనే మరింత బలమైన హార్మోన్‌గా మారుతుంది. ప్రొస్టేట్‌ను పెంచేది ప్రధానంగా అదే. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల మగపిల్లలకు ఈ మార్పు జరిపే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువని 1974లో వైద్యులు వివరించారు. వాళ్లు పెద్దయ్యాక కూడా ప్రొస్టేట్ చిన్నగానే ఉండిపోయింది. ఆ ఎంజైమ్‌ను మందుతో అడ్డుకోవచ్చన్న ఆలోచన అలా బలపడింది. ఈ కోవలో మొదటిదైన ఫినాస్టెరైడ్‌కు 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. డ్యూటాస్టెరైడ్ ఆ తర్వాతది.

మీరు వేసుకుంటున్న ఈ రెండు మందుల జోడీనే ‘కాంబాట్’ అనే అధ్యయనంలో నాలుగేళ్లు పరీక్షించారు. 50 ఏళ్లు దాటి, ప్రొస్టేట్ 30 మిల్లీలీటర్లు, ఆపైన ఉన్న 4,844 మంది మగవాళ్లు అందులో పాల్గొన్నారు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం, టామ్సులోసిన్ ఒక్కటే వాడినవారితో పోలిస్తే రెండూ కలిపి వాడినవారిలో మూత్రం పూర్తిగా బంద్ అయ్యే, లేదా ఆపరేషన్ దాకా వెళ్లే ముప్పు దాదాపు 66 శాతం తగ్గింది. టామ్సులోసిన్ కొద్ది రోజుల్లోనే ధారను సులువు చేస్తుంది. గ్రంథిని కుదించేది మాత్రం డ్యూటాస్టెరైడే, దానికి ఆరు నెలల దాకా టైమ్ ఇవ్వాలి. నెల వాడి ‘పనిచేయలేదు’ అని మానేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మరో అధ్యయనంలో డ్యూటాస్టెరైడ్ వాడినవారిలో మొత్తం మీద ప్రొస్టేట్ క్యాన్సర్లు తగ్గినా, తీవ్రమైన రకం కాస్త ఎక్కువగా కనిపించింది. అందుకే 2011లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద హెచ్చరిక చేర్పించింది. పీఎస్‌ఏ విషయంలో నేను ఇంతగా పట్టుబట్టడానికి అదీ ఒక కారణం.

మగతనం మాటకొస్తే, డ్యూటాస్టెరైడ్ టెస్టోస్టిరాన్‌ను తగ్గించదు. రక్తంలో అది కొంచెం పెరుగుతుంది కూడా. అయినా కొందరిలో కోరిక తగ్గడం, అంగస్తంభన సరిగా లేకపోవడం, వీర్యం తగ్గడం, రొమ్ముల్లో నొప్పి లేదా వాపు రావడం నిజమే. వీర్యం తగ్గడానికి టామ్సులోసిన్ కూడా కారణం కావచ్చు. చాలామందిలో మందు ఆపితే సర్దుకుంటుంది, కొద్దిమందిలో కొనసాగినట్టు కూడా నమోదైంది. మీకు అలాంటి ఇబ్బంది ఉంటే సిగ్గుపడకుండా డాక్టర్‌తో చెప్పండి. వేరే మార్గాలున్నాయి. లేకపోతే ఎవరో అన్నారని మానొద్దు. ఎప్పుడైనా కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకుంటే మాత్రం టామ్సులోసిన్ వాడుతున్నట్టు ముందే చెప్పాలి.

మీ అమ్మాయితో ఒకే ఇంట్లో ఉండటం వల్ల ఏ ప్రమాదమూ లేదు. పగిలిన, కారుతున్న క్యాప్సూల్‌ను గర్భిణి ముట్టుకోకూడదు. ఆ మందు చర్మం గుండా లోపలికి వెళ్లి, కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే జననాంగాల ఎదుగుదలను దెబ్బతీసే వీలుంది. పొరపాటున తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కోమనండి. మందుల డబ్బా మీ దగ్గరే పెట్టుకుని మీరే తీసి వేసుకోండి. ఈ మందు వాడుతున్నంత కాలం, ఆపిన తర్వాత మరో ఆరు నెలల వరకు, రక్తదానం కూడా చేయకండి. ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కిస్తారో మనకు తెలియదు.