డెర్మోస్కోపులో నమూనాలు కనిపించకపోతే: ముందు గట్లు, చాళ్లు విడదీయండి

మచ్చల నమూనాల పేర్లన్నీ కంఠతా వచ్చినా డెర్మోస్కోపు (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం) కటకంలోంచి చూస్తే గోధుమరంగు మరక తప్ప ఏమీ కనిపించడం లేదని రాశారు. చర్మవ్యాధుల విభాగంలో చేరిన మొదటి ఏడాది నాదీ అదే అవస్థ. నన్ను దారిలో పెట్టింది ఒక అరికాలు.

నడివయసు మనిషి, మడమ మీద నల్లటి మచ్చ. డెర్మోస్కోపు పెట్టి చూస్తే రంగు సమాంతర చారలుగా ఉంది, అదీ గట్ల మీద (వేలిముద్రల్లాంటి గీతల్లో ఎత్తైనవి గట్లు, వాటి మధ్య పల్లాలు చాళ్లు). అరికాలి పుట్టుమచ్చలో రంగు ఎక్కువగా చాళ్లలో ఉంటుంది. గట్ల మీద పరుచుకుంటే మెలనోమాను, అంటే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్‌ను అనుమానించాలి. చదివింది గుర్తుంది కదా, వెంటనే బయాప్సీకి రాసేశాను. ఆయన ముఖం పాలిపోయేలా చెప్పాను కూడా, తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మా సీనియర్ వచ్చి ముందు రంగు చూడమన్నారు. గోధుమ కాదు, ఎరుపు కలిసిన నలుపు. అంచులు గీత గీసినట్టు తెగి ఉన్నాయి. బ్లేడుతో పైపొరను మెల్లగా గీకితే మచ్చ పొడిగా రాలిపోయింది. ఒరిపిడికి పైపొరలో చిక్కుకున్న పాత రక్తం అది! గీకాక కూడా రంగు మిగిలితే మాత్రం బయాప్సీ చేయాల్సిందే, కణితిలోనూ రక్తం చేరవచ్చు.

అప్పటినుంచి పేరు వెతకడం మాని, ఈ రంగు ఏ లోతులో ఉందని చూస్తున్నాను. మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) పైపొరలో ఉంటే నలుపు, ఎపిడెర్మిస్ (చర్మపు బయటి భాగం) అడుగున ఉంటే గోధుమ, డెర్మిస్‌లోకి (దాని కింది భాగంలోకి) దిగితే బూడిద లేదా నీలం. మెలనోమాకు గుర్తుగా చూసే నీలి తెల్లని తెర అంటే ఎందుకు ఉలిక్కిపడతామో దీనితోనే అర్థమైంది: లోతున రంగు, దానిపైన మందమెక్కిన పొర.

గట్టు ఏదో తేలకపోతే చెమట రంధ్రాలను వెతకండి. తెల్లటి చుక్కలుగా గట్ల మీదే వరుస కట్టి ఉంటాయి. అవీ కనిపించకపోతే కాస్త సిరా పూసి తుడవండి, చాళ్లలో నిలిచిపోతుంది.

ఇంకో మాట, కటకాన్ని అదమకండి. బేసల్ సెల్ కార్సినోమా అనే మరో చర్మ క్యాన్సర్‌లో చెట్టుకొమ్మల్లా చీలే రక్తనాళాలు ఒత్తిడికి ఖాళీ అయి మాయమవుతాయి. జెల్ ధారాళంగా వేసి తేలికగా ఆనించాలి. తెల్లటి మెరుపు చుక్కలు కనిపించగానే సెబోరిక్ కెరటోసిస్ (హాని లేని చర్మపు పెరుగుదల) అని తేల్చేయడమూ తొందరపాటే. మెలనోమాలోనూ అప్పుడప్పుడు అవి ఉంటాయి.

బయాప్సీకి పంపే ప్రతి మచ్చకూ ఫోటో తీసి, మీ అంచనాను ముందే ఒక నోటుపుస్తకంలో రాయండి. నివేదిక వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నా పుస్తకంలో మొదటి పేజీల్లో సగానికి పైగా కొట్టివేతలే.