గుడ్ ఫ్రైడే శిబిరం గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ప్రభువు నామమున ఆశీర్వదించి వ్రాయునది.

యవనస్థుల కూటమి తరఫున గుడ్ ఫ్రైడేనాడు చర్చి ఆవరణలో రక్తదాన శిబిరం పెడుతున్నారనీ, మొదటి పేరు నీదే రాయించావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆదివార బడిలో కంఠత వాక్యం మరిచిపోయి ఏడ్చిన పిల్లకు అప్పుడే పద్దెనిమిదేళ్లు నిండాయని విని మనసు నిండింది కానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలిసిన సంగతులు క్లుప్తంగా చెబుతాను. ముందురోజు కంటినిండా నిద్రపో, కడుపునిండా తిని వెళ్ళు, నీళ్ళు బాగా తాగు, ఇచ్చాక కాసేపు కూర్చుని కదులు. 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటేనే తీసుకుంటారు. నీకు చిన్నప్పటినుంచీ రక్తం తక్కువ కనుక, వద్దంటే చిన్నబుచ్చుకోకుండా లేచి రా.

ఇక నా తప్పు సంగతి. 1987లో నేను రంపచోడవరం ఏజెన్సీలో బడిపంతులుగా ఉండేవాణ్ణి. గుడ్ ఫ్రైడేకు నెలరోజుల ముందు మలేరియా వచ్చి, మాత్రలు మింగి లేచాను. ఆ గుడ్ ఫ్రైడేనాడు రాజమండ్రిలో రక్తదాన శిబిరం జరిగింది. యువజన నాయకుణ్ణి నేనే, పదిమందిని పోగుచేసినవాణ్ణి నేనే. ఈ మధ్య జ్వరం ఏమైనా వచ్చిందా అని డాక్టరు అడిగినప్పుడు, వెనుక వరుసలో ఉన్న మనవాళ్ళందరూ వింటున్నారన్న సిగ్గుతో లేదని చెప్పాను. ఉపవాసంతో ఉన్నానని కూడా చెప్పలేదు. లేవగానే కళ్ళు తిరిగి పడిపోయాను. అందరూ దాన్ని భక్తి అనుకున్నారు, నేను కూడా అలాగే అనుకోనిచ్చాను.

ఆదివారం రాత్రి చలిజ్వరం మళ్ళీ పట్టుకుంది. దుప్పట్లో వణుకుతుండగా నా ఒంట్లోంచి తీసిన రక్తం గుర్తుకొచ్చింది. తెల్లవారగానే మొదటి బస్సుకు రక్తనిధికి వెళ్ళి జరిగింది చెప్పాను. అక్కడి ఉద్యోగి రిజిస్టరు తెరిచి, వరుసల మీదుగా వేలు జరుపుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. ‘నిన్ననే వెళ్ళిపోయింది, కాన్పు కేసు’ అన్నాడు. డాక్టరు నన్ను ఒక్క మాట కూడా అనకుండా వార్డుకు ఫోను చేసి, ఆమెను కనిపెట్టి చూడమనీ, జ్వరం వస్తే వెంటనే మలేరియా పరీక్ష చేయమనీ చెప్పాడు. ఆ తల్లి ఎవరో, ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె కోసం ప్రార్థన చేయని గుడ్ ఫ్రైడే నాకు లేదు.

అందుకే తల్లీ, ఆ ప్రశ్నల కాగితాన్ని దేవుని ఎదుట చెప్పే సాక్ష్యంలా నింపు. మలేరియా తగ్గాక మూడు నెలలు, పచ్చబొట్టు పొడిపించుకున్నాక ఏడాది ఆగాలి. ఇచ్చిన తరువాత జ్వరం వచ్చినా, దాచిన మాట గుర్తొచ్చినా, అర్ధరాత్రయినా సరే రక్తనిధికి చెప్పాలి. పరీక్షలు ఎలాగూ చేస్తారు కదా అని మీ కుర్రాళ్ళు అంటారు. హెచ్‌ఐవీ వంటివి సోకిన కొత్తలో పరీక్షకు కూడా దొరకవని వారికి చెప్పు. పస్కా పండుగకు బలిచ్చే గొఱ్ఱెపిల్ల నిర్దోషమైనదిగా ఉండాలని ధర్మశాస్త్రం చెప్పిందంటే, దాచిపెట్టిన కళంకంతో అర్పణ తేవద్దనే కదా!

తేదీ కూడా మార్పించు. నలభై రోజులు శ్రమల దినాలు పాటించి, ఆ రోజు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన దాకా పచ్చి గంగ ముట్టనివారు సూది కింద పడుకోవడం భక్తి కాదు, ప్రమాదం. పైగా ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజులే నిలువ ఉంటాయి, ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. అందరూ ఒకేరోజు ఇచ్చేస్తే, కాలేజీలు మూసి రక్తం దొరకని మే నెలలో ఒంట్లో రక్తం సరిగా తయారుకాని తలసీమియా పిల్లలకు ఎక్కడినుంచి తెస్తారు? వారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాలి. సగంమందిని మేలో పెట్టుకోండి.

క్రీస్తు కార్చిన రక్తంతో మన 350 మిల్లీలీటర్లను పోల్చే మాటలు బ్యానరు మీద రాయించకు. ఆయనది విమోచన క్రయధనం, మనది కొన్ని వారాల్లో ఒళ్ళు మళ్ళీ తయారు చేసుకునేది. ‘ఉచితముగా పొందితిరి ఉచితముగా ఇయ్యుడి’ అన్న మత్తయి సువార్త వాక్యం చాలు. మైకులో పేర్లు చదవవద్దు. పేరు వినబడనివాడు పడే సిగ్గు ఎటువంటిదో నాకు తెలుసు.

నేను ముందురోజే వస్తాను. పండ్లరసం ఇచ్చే బల్ల దగ్గర నాకొక కుర్చీ వేయించు, డాక్టరు వద్దని పంపినవారిని కూడా తిన్నగా నా దగ్గరికే పంపు.

నీ
పెదనాన్న