ఇన్‌ఫ్లూయెన్సర్లు మానేసి వెళ్లిపోతే తప్పు సోషల్ మీడియాదేనా?

మీ ప్రశ్న ఇది: "ఏళ్ల తరబడి వీడియోలు, రీల్స్ చేసి పేరు తెచ్చుకున్నవాళ్లు ఒకరోజు మనశ్శాంతి పోయిందంటూ అన్నీ మూసేసి వెళ్లిపోతున్నారు. పోతూ పోతూ సోషల్ మీడియానే తిడుతున్నారు. ఇది ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కాదా?"

మద్దెల నిజంగానే ఓడైన సందర్భాలున్నాయండి. అవి ఏవో గుర్తుపట్టడానికి ఒక లెక్క ఉంది. కంపెనీ తలచుకుంటే ఒక సెట్టింగ్‌తో మార్చగలిగే ఇబ్బంది ఏదైనా కంపెనీ ఖాతాలోకి వెళ్తుంది. రేపు ఇంకో యాప్‌కి మారినా మనిషి వెంటే వచ్చే ఇబ్బంది అయితే అది ఆ మనిషి ఎంచుకున్న వ్యాపారంలోంచి వచ్చింది. ఛానెళ్ల వెనక ఉండి లెక్కలు, ఒప్పందాలు, కామెంట్లు చూసేవాళ్లకు ఈ రెండూ కలగాపులగంగానే కనిపిస్తాయి. వాటిని విడదీసి చూసుకోకుండా మానేస్తే ఖాతా పోతుంది గానీ బాధ పోదు.

ఆస్ట్రేలియా అమ్మాయి ఎసీనా ఓనీల్‌ సంగతి చూడండి. 2015 అక్టోబరు చివర్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో 5 లక్షలకు పైగా ఫాలోవర్లు ఉండగా, 2,000కు పైగా ఫొటోలు తీసేసింది. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మిగిల్చిన ఫొటోల కింద రాతలు మార్చి అసలు సంగతులు రాసింది. పొట్ట బాగా కనిపించాలని ఒకే రకం భంగిమల్లో వందకు పైగా ఫొటోలు దిగానని, ఆ రోజు దాదాపు ఏమీ తిని ఉండనని, కొన్ని బట్టలకు డబ్బు తీసుకున్నానని రాసింది. ఆ రాతలకు పై లెక్క వేసి చూడండి. బట్టలకు డబ్బిచ్చింది బట్టల కంపెనీ. డబ్బు తీసుకున్న సంగతి అప్పుడే చెప్పకపోవడం ఆమె నిర్ణయం. కానీ ప్రతి ఫొటో కింద లైకుల అంకె వేసి ఊరందరికీ చూపించింది ఇన్‌స్టాగ్రామ్. ఆ అంకె దాచుకునే వీలు అందరికీ ఇచ్చింది 2021 మే నెలలో. ఒక్క స్విచ్‌తో అయ్యే పనికి అయిదేళ్లకు పైగా పట్టింది. యూట్యూబ్ కూడా డిస్‌లైకుల అంకెను జనానికి కనపడకుండా చేసింది 2021 నవంబరులోనే. మూకుమ్మడిగా డిస్‌లైకులు కొట్టించి వేధించడం తగ్గించడానికే ఈ మార్పు అని కంపెనీయే చెప్పింది. అంటే హాని ఉందని వాళ్లకూ తెలుసు. అందుకే ఈ వాటా వాళ్ల మీద వేయడానికి సందేహించనక్కర్లేదు.

కంపెనీల ఖాతాలో అన్నిటికన్నా బరువైనది జీతం లెక్క అని నా అభిప్రాయం. లైకుల కన్నా ఇదే మనుషుల్ని ఎక్కువ అరగదీస్తుంది. యూట్యూబ్ పెద్ద వీడియోల మీద వచ్చే యాడ్ డబ్బులో 55 శాతం చేసినవాళ్లకు ఇస్తుంది. షార్ట్స్‌ అనే చిన్న నిలువు వీడియోలకి ఈ పద్ధతి లేదు. ఫీడ్‌లో షార్ట్స్ మధ్య వచ్చే యాడ్ల డబ్బంతా ఒక మూట కట్టి, పాటల హక్కులకు పోయేది తీసి, దేశాలవారీగా వ్యూస్ లెక్కన పంచి, ఆ వచ్చిన వాటాలో 45 శాతం చేతికిస్తారు. అందుకే 10 లక్షల వ్యూస్ వచ్చిన షార్ట్ కన్నా 50 వేల వ్యూస్ వచ్చిన వంట వీడియో ఎక్కువ తెచ్చిపెట్టవచ్చు. కానీ కొత్త సబ్‌స్క్రైబర్లు షార్ట్స్‌తోనే తొందరగా వస్తారు. దాంతో మనిషి రెండూ చేస్తాడు, పని రెట్టింపవుతుంది. పైగా దసరా, దీపావళి సీజన్‌లో పెరిగిన యాడ్ రేట్లు జనవరిలో పడిపోతాయి. వ్యూస్ అంతే ఉన్నా డబ్బు తగ్గేసరికి కొత్తవాళ్లు తమ వీడియోలే బాగాలేవనుకుని ఇంకా ఎక్కువ అప్‌లోడ్ చేస్తారు. అలసట చాలామందికి ఇక్కడే మొదలవుతుంది.

దీనికి తోడు ఛానెల్ నడిపేవాళ్లు తమ లెక్కలు చూసుకునే యూట్యూబ్ స్టూడియో యాప్. తెరవగానే కొత్త వీడియో గత పదింటిలో ఎన్నో స్థానంలో ఉందో చూపిస్తుంది. పదింటిలో ఏదో ఒకటి పదో స్థానంలో ఉండి తీరుతుంది, అది అంకగణితం. రాత్రి పదకొండుకి ఆ అంకె చూసిన మనిషికి మాత్రం అది పరీక్ష ఫెయిలైనట్టే అనిపిస్తుంది. ఇక రూల్స్ మారడం ఒకటి. ఏ వీడియోని ముందుకు తేవాలనే లెక్కలో యూట్యూబ్ 2012లో క్లిక్కుల నుంచి చూసిన సమయానికి మారింది. ఇన్‌స్టాగ్రామ్ 2016లో పోస్టుల వరస మార్చింది. 2020 జూన్ 29న టిక్‌టాక్ నిషేధం వచ్చాక కొద్ది రోజులకే మన దేశంలో రీల్స్ దిగాయి. ఫొటోలు తీసేవాళ్లు, కవితలు రాసేవాళ్లు కూడా ముప్ఫై సెకన్ల వీడియోలకు మారాల్సి వచ్చింది. ఏ మార్పు ఎవరి రీచ్‌ని, అంటే వీడియో చేరే జనాన్ని, ఎంత తగ్గించిందో ఎవరికీ విడిగా చెప్పరు. ఏ ఉద్యోగంలోనూ ఇలా చెప్పకుండా జీతం కోస్తే ఊరుకోం.

ఇప్పుడు రెండో ఖాతా, మనిషి ఎంచుకున్న వ్యాపారానిది. గృహప్రవేశం, సీమంతం, బారసాల, భార్యాభర్తల గొడవ, ఇవన్నీ వీడియోలుగా అమ్మినప్పుడు అమ్ముడుపోయేది మనిషే. ఏ యాప్‌లో అమ్మినా అంతే. ఇల్లే షూటింగ్ స్పాట్ అయితే పని అయిపోయాక వెళ్లడానికి ఇంకో ఇల్లు ఉండదు. పిల్లలు ఉన్నచోట ఇది మరీ బాధాకరం, వాళ్లనెవరూ అడగలేదు. ప్రమోషన్లు ఒప్పుకోవడమూ ఈ ఖాతాలోదే. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసినందుకు హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు పలువురు ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద కేసులు పెట్టారు. ఆ యాడ్లను మోసిన యాప్‌లకూ బాధ్యత ఉంది, కానీ డబ్బు తీసుకుని మాట చెప్పిన మనిషి అల్గారిథమ్‌ని చూపించి తప్పించుకోలేడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు ప్రచారం చేసినవాళ్లకు కూడా మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా మానేద్దామా అనే దశలో ఉంటే, వెంటనే ఖాతా తీసేయవద్దని చెప్పండి. నాలుగు వారాలు పట్టే పరీక్ష ఒకటుంది.

మొదటి వారం ఏ మార్పూ చేయకుండా గంటలు రాయాలి: షూటింగ్ ఎంత, ఎడిటింగ్ ఎంత, థంబ్‌నెయిల్ (వీడియో మీద కనిపించే బొమ్మ) ఎంత, బ్రాండ్లతో ఫోన్లు ఎంత, అంకెలు, కామెంట్లు చూస్తూ కూర్చున్నది ఎంత. చివరిది షూటింగ్ గంటలకు దగ్గరగా వచ్చిందంటే అలసట పనిది కాదు.

రెండో వారం ఫోన్‌లోంచి స్టూడియో యాప్ తీసేయాలి. అంకెలు ఆదివారం ఒక్క గంట, అదీ కంప్యూటర్‌లో. ఇన్‌స్టాలో లైకుల అంకె దాచే సెట్టింగ్ పెట్టాలి. కామెంట్లకు యూట్యూబ్‌లో బ్లాక్ చేసే పదాల జాబితా, ఇన్‌స్టాలో హిడెన్ వర్డ్స్ ఉన్నాయి. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు ఒకటి: తిట్లను తెలుగు లిపిలో మాత్రమే ఎక్కిస్తారు. వచ్చే తిట్లలో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. వాటిని యాప్ సొంత వడపోత సరిగా పట్టదు. ఒక్కో తిట్టుకి నాలుగైదు స్పెల్లింగులు ఉంటాయి, సాగదీసి రాసేవీ ఉంటాయి. పాత కామెంట్లలోంచి ఏరి అన్నీ ఎక్కించాలి. ఈ పని ఆ మనిషి చేయకూడదు, ఇంట్లో వేరేవాళ్లో ఎడిటరో చేయాలి. ఆ తిట్లు మళ్లీ చదివితే ఉపయోగం లేదు.

మూడో వారం, నాలుగో వారం అప్‌లోడ్ ఆపాలి. ముందే రెండు వీడియోలు సిద్ధంగా ఉంటే షెడ్యూల్ చేసుకోవచ్చు. ఆపితే ఛానెల్ చచ్చిపోతుందన్న భయం చాలామందికి ఉంటుంది. యూట్యూబ్ నియమం ఇది: ఆరు నెలలు, అంతకు మించి ఒక్క వీడియో గానీ కమ్యూనిటీ పోస్టు గానీ లేకపోతే మానిటైజేషన్ (వీడియోల మీద డబ్బు రావడం) ఆపే అధికారం వాళ్లకుంది. నెలకి ఒక పోస్టు పెడితే ఆ చిక్కు రాదు. విరామం తర్వాత ఛానెళ్లకు సగటున అంతకు ముందుకన్నా ఎక్కువ వ్యూస్ వచ్చాయని అప్పటి సీఈఓ సూసన్ వొజిస్కీ 2019 నవంబరు లేఖలో రాశారు. సగటు అన్న మాట గుర్తుంచుకోండి, అందరికీ అలాగే అవుతుందని కాదు.

నాలుగో వారం చివర మనిషి కుదుటపడితే, సగానికి పైగా తప్పు అంకెలది, వేగానిది. అంటే కంపెనీ డిజైన్‌ది. సెట్టింగులు అలాగే ఉంచి, అప్‌లోడ్లు సగం చేసి కొనసాగవచ్చు. అన్నీ ఆపినా కెమెరా చూడగానే కడుపులో దేవినట్టు ఉంటే వ్యాపారమే మార్చాలి. ఇంట్లో విషయాలు వదిలి ఒక విద్య మీదో, పనిమీదో వీడియోలు చేయడం ఒక దారి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం వారాల తరబడి ఉంటే ఈ పరీక్షలన్నీ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

బాగా మానేసినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన టామ్ స్కాట్ పదేళ్లపాటు వారం వారం వీడియోలు ఇచ్చి, 2024 జనవరి 1న ఆపేశారు, ఛానెల్ అలాగే ఉంచారు. అమెరికాలో మ్యాట్‌ప్యాట్‌గా తెలిసిన మాథ్యూ ప్యాట్రిక్ 2022లో కంపెనీ అమ్మేసి, 2024 మార్చిలో తెర మీంచి తప్పుకున్నారు, వేరే యాంకర్లతో ఛానెళ్లు నడుస్తున్నాయి. ఇద్దరి విషయంలోనూ వీడియోలో అమ్ముడుపోయింది విషయం, ఇంటి గుట్టు కాదు. అందుకే దిగిపోవడం తేలికైంది.

నిజంగా మానేయాలనుకుంటే వరస ఇలా ఉండాలి. ముందు ప్రమోషన్ ఒప్పందాలు తీసి, ఏ పోస్టు ఎన్ని నెలలు ఉంచాలని రాసుందో చూడాలి. గడువు తీరకుండా ఖాతా తీసేస్తే అడ్వాన్సు వెనక్కి అడుగుతారు. ఆపాక కూడా యూట్యూబ్ డబ్బు వస్తుంది: ఒక నెల సంపాదన మర్నెల 21, 26 తేదీల మధ్య పడుతుంది, ఖాతాలో 100 డాలర్లు చేరితేనే. ఆపైన పాత వీడియోలు తెచ్చే డబ్బు మెల్లగా తగ్గుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని ఆపడం మేలు. తర్వాత మన సమాచారం దించుకోవడానికి గూగుల్ ఇచ్చే టేకవుట్‌తో వీడియోలు, ఇన్‌స్టాలో సమాచారం డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇన్‌స్టా ఖాతా పూర్తిగా తీసేయమంటే మనసు మార్చుకోవడానికి 30 రోజులే ఉంటాయి. తాత్కాలికంగా ఆపితే ఎప్పుడైనా తిరిగి రావచ్చు. యూట్యూబ్‌లో ఛానెల్ తీసేయడం కన్నా దాచడం నయం. చివరగా ఆ ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు సిమ్ రీచార్జ్ ఆపకండి, రెండంచెల లాగిన్ తీయకండి. ఎవరూ చూసుకోని పెద్ద ఛానెళ్లను దొంగిలించి, పేరు మార్చి, క్రిప్టో మోసాల లైవ్‌లు నడుపుతారు. వదిలేసిన మనిషి ముఖం చూసి నమ్మినవాళ్ల డబ్బే అందులో పోతుంది.