నవలలో ఒకే ఊతపదం మళ్లీ మళ్లీ ఎందుకు?

ఒకే మాట పదే పదే వస్తే పాఠకుడికి విసుగు రాదా, దానివల్ల ఇతివృత్తం ఎలా బలపడుతుంది అని అడిగారు. విసుగొస్తుంది, నిజమే. ఆ విసుగును కూడా వాడుకోగలిగితేనే రచయిత గట్టివాడని నా లెక్క.

మాది అనంతపురం దగ్గర పల్లె. మా నాయన ఊతపదం "వచ్చే యేడు చూస్తాంలే". నేను చొక్కా అడిగినా అదే, వాన రాక శనక్కాయ చేను మాడిపోయినా అదే. చిన్నప్పుడు అది వాయిదా అనుకునేవాణ్ణి. ఎద్దులను సంతలో అమ్మొచ్చిన రాత్రి ఖాళీ గాటిపాట దగ్గర నిలబడి మళ్లీ అదే మాట అన్నాడు. పక్కన ఎవరూ లేరు. నేను గడపలో ఉన్న సంగతి ఆయనకు తెలీదు.

అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ యుద్ధ నవల 'స్లాటర్‌హౌస్-ఫైవ్' (1969) చదివినప్పుడు ఆ రాత్రి గుర్తొచ్చింది. అందులో చావు మాట వచ్చిన ప్రతిసారీ 'సో ఇట్ గోస్' అంటాడు. మన తీరులో "అంతే మరి" అనుకోండి. నూరుసార్లకు పైనే వస్తుంది. 1945 ఫిబ్రవరిలో జర్మనీలోని డ్రెస్డెన్ నగరం మీద బాంబులు పడ్డప్పుడు యుద్ధఖైదీగా అక్కడే ఉండి బతికి బయటపడ్డవాడాయన. ఆ మంటల్లో కాలిపోయిన ఒక టాక్సీ డ్రైవర్ తల్లికీ అదే మాట, పొంగు చచ్చిన షాంపేన్‌కూ అదే మాట! మొదట నవ్వొస్తుంది, తర్వాత చిరాకేస్తుంది. ఆ తర్వాత, ఇన్ని చావులను ఇంత తేలిగ్గా దాటేస్తున్నానే అని మనమీద మనకే అనుమానం మొదలవుతుంది. ఆ మాట ఓదార్పా, మొద్దుబారడమా? నవల తేల్చదు. ఇతివృత్తమంతా ఆ తేల్చకపోవడంలోనే ఉంది.

ఇది చూసి నేనూ ఒక నవల మొదలుపెట్టి, ప్రతి అధ్యాయం చివరా నాయన మాట తగిలించాను. చదివిన స్నేహితుడు "ఏందిరా ఇది, హీరో పంచ్ డైలాగ్ మాదిరి!" అన్నాడు. రెండ్రోజులు అతనితో మాట్లాడలేదు గానీ, వాడన్నది నిజమే. ఎక్కడొస్తుందో ముందే తెలిసిపోతోంది. చాలా చోట్ల కొట్టేశాను. చివరిసారి మాత్రం నోరు మార్చాను. ఊరికెప్పుడొస్తావురా అని నాయన ఫోన్‌లో అడుగుతాడు. బెంగళూరులో ఉన్న కొడుకు "వచ్చే యేడు చూస్తాంలే" అంటాడు. ఆ తర్వాత నాయనకు మాట రాయలేదు.