మూడు పెన్నీల తగాదా: చరిత్ర శీర్షికకు వచ్చిన ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా వలసలకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ నడిచిన పన్నుల గొడవ మీదే వచ్చాయి. లెక్కల్లోకి దిగేముందు ఒక్క మాట: అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు.

మా పిల్లల గైడులో 1765 స్టాంపు చట్టం పాఠం పక్కన తపాలా బిళ్ళ బొమ్మ వేశారు. అది సరైనదేనా? (టీచరు, ఏలూరు)

కాదండీ. అంటించే తపాలా బిళ్ళ 1840 దాకా పుట్టనే లేదు. మన రిజిస్ట్రారు ఆఫీసు బయట కొనే స్టాంపు పేపరును గుర్తు చేసుకోండి, దానికి దగ్గరగా ఉంటుంది. లండన్‌లోనే కాగితం మీద అచ్చు నొక్కి, రంగు లేకుండా ఉబ్బెత్తుగా ముద్ర వేసి, ఓడల్లో అమెరికాకు పంపారు. దస్తావేజు రాసినా, పత్రిక అచ్చువేసినా సుంకం కట్టి కొన్న ఆ కాగితం మీదే చెయ్యాలి.

రేట్లు చూస్తే ఎవరిని కదిలించారో తెలుస్తుంది. అర తావు పత్రికకు అర పెన్నీ, తావుకు పెన్నీ. ఒక్కో ప్రకటనకు 2 షిల్లింగులు. పేకముక్కల కట్టకు షిల్లింగు, పాచికల జతకు 10 షిల్లింగులు. కాలేజీ పట్టాకు 2 పౌండ్లు, వకీలు లైసెన్సుకు 10 పౌండ్లు. ఇంగ్లీషులో కాక మరో భాషలో రాస్తే రెట్టింపు! పెన్సిల్వేనియాలో జర్మన్ పత్రికలు నడిపేవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. వకీళ్ళు, పత్రికలవాళ్ళు, వ్యాపారులు: ఊళ్ళో నోరున్న వాళ్ళందరినీ ఒకే చట్టంతో గిల్లారు. పైగా సుంకం స్టెర్లింగ్, అంటే బ్రిటన్ డబ్బు లెక్కన కట్టాలి. అక్కడ వెండి నాణేలకే కటకట, కాగితపు డబ్బు చెలామణికి 1764 కరెన్సీ చట్టం అప్పటికే ముకుతాడు వేసింది.

చట్టం 1765 నవంబరు 1న అమల్లోకి రావాలి. దానికి ఉన్న బలహీనత పంపిణీదారు. కాగితం అమ్మే ఆ మనిషి రాజీనామా చేస్తే చట్టం ఆగిపోతుంది. బోస్టన్‌లో పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను ఆగస్టు 14న చెట్టుకు ఉరితీశారు, మర్నాడే ఆయన తప్పుకుంటానన్నాడు. నవంబరు వచ్చేసరికి జార్జియాలో తప్ప ముద్ర కాగితం అమ్మే మనిషి దొరకలేదు, అక్కడా కొద్ది రోజులే. 1766 మార్చిలో పార్లమెంటు చట్టాన్ని రద్దు చేసింది. పరీక్ష రాసేవాళ్ళు మరిచిపోయేది దీని తర్వాతి సంగతి: అదే రోజు డిక్లరేటరీ చట్టం చేసి, వలసల మీద ఏ విషయంలోనైనా శాసనం చేసే హక్కు తమకుందని రాసుకున్నారు.

ఫ్రెంచివాళ్ళతో యుద్ధం చేసింది వలసల రక్షణకే కదా. ఖర్చులో వాటా అడిగితే తప్పేమిటి? (కర్నూలు)

లండన్ వాదన అచ్చంగా ఇదే, కొట్టిపారేసేదీ కాదు. 1763లో యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు సుమారు 7.5 కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్ల పైకి ఎగబాకింది. పైగా అమెరికాలో దాదాపు 10 వేల మంది సైనికులను ఉంచాలని నిర్ణయించారు. ప్రధాని గ్రెన్విల్ అడిగింది ఆ సైన్యం ఖర్చులో కొంత భాగమే, పాత అప్పు కాదు.

వలసల జవాబు: మేమూ మనుషుల్ని పంపాం, డబ్బు పెట్టాం. మా శాసనసభలను అడగండి, అవి మంజూరు చేస్తాయి. అడగకుండా తీసుకుంటే అది మా సొమ్ము ఎలా అవుతుంది?

పార్లమెంటులో నాలుగు సీట్లు పారేస్తే గొడవ ముగిసేది కదా? (గ్రూప్స్ అభ్యర్థి, వరంగల్)

'ప్రాతినిధ్యం లేకుండా పన్ను లేదు' అన్న నినాదాన్ని బట్టి అందరూ వేసే ప్రశ్నే ఇది. కానీ సీట్లు వాళ్ళే వద్దన్నారు. 1765 అక్టోబరులో న్యూయార్క్‌లో 9 వలసల ప్రతినిధులు కూడి, కామన్స్ సభలో (బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ) మాకు ప్రాతినిధ్యం లేదు, మేమున్న చోటును బట్టి ఉండటం సాధ్యమూ కాదు అని తీర్మానం రాశారు. కారణం తేలికే. సముద్రం దాటడానికి వారాలు పడుతుంది, నాలుగు సీట్లతో ప్రతి ఓటింగులోనూ ఓడిపోతారు, ఆపైన 'మీ సభ్యులు ఉన్నారుగా, కట్టండి' అంటారు.

మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లకూ సభ్యులు లేరు, వాళ్ళు కట్టడం లేదా అని లండన్ ఎదురడిగింది. వేళ్ళ మీద లెక్కపెట్టే ఓటర్లున్న ఓల్డ్ సేరమ్ అనే ఇంగ్లండ్ నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులున్న రోజులవి. మా అభిప్రాయంలో ఆ వాదన వలసల నోరు మూయించలేదు సరికదా, ఇంగ్లండ్ ఓటు వ్యవస్థ గుట్టే బయటపెట్టింది.

1773లో టీ మీద పన్ను పెంచారనే కదా బోస్టన్‌లో పారబోశారు? (తెనాలి)

పెంచలేదు. ధర తగ్గింది. గొడవ అక్కడే.

1767లో ఆర్థిక మంత్రి టౌన్షెండ్ వేసిన సుంకాలు గాజు, సీసం, రంగులు, కాగితం, టీల మీద పడ్డాయి. 1770లో టీ తప్ప మిగిలినవన్నీ ఎత్తేశారు. టీ మీద పౌండు బరువుకు, అంటే దాదాపు 450 గ్రాములకు, 3 పెన్నీలు మిగిలింది. జనం డచ్చివాళ్ళ నుంచి సుంకం ఎగ్గొట్టి దొంగచాటుగా తెచ్చిన టీ తాగుతూ కాలక్షేపం చేశారు. 1773 టీ చట్టం రెండు పనులు చేసింది: ఈస్టిండియా కంపెనీ టీ మీద బ్రిటన్‌లో వసూలు చేసిన సుంకాన్ని ఎగుమతప్పుడు వాపసు ఇచ్చింది, లండన్ వేలం దళారులను తప్పించి కంపెనీ నేరుగా అమెరికాకు పంపుకోనిచ్చింది. అంతటితో దొంగ సరుకుకే గండి. కానీ అమెరికాలో కట్టాల్సిన ఆ 3 పెన్నీలు అలాగే ఉంచారు. తీసేయమని పార్లమెంటులోనే కొందరన్నా ప్రధాని లార్డ్ నార్త్ వినలేదు. చవక టీ కొన్న ప్రతివాడూ పార్లమెంటు హక్కును ఒప్పుకున్నట్టేనని వలసవాసులకు అర్థమైంది. బోస్టన్‌లో అమ్మకం హక్కు దక్కినవాళ్ళలో గవర్నరు హచిన్సన్ కొడుకులిద్దరున్నారు, మిగతా వ్యాపారులకు అది వేరే మంట.

మరి న్యూయార్క్, ఫిలడెల్ఫియా ఓడలు వెనక్కి పోతే బోస్టన్‌లోనే ఎందుకు పారబోశారు? గడువు వల్ల. ఓడ రేవులోకి వచ్చాక 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్ సరుకు జప్తు చేస్తుంది. డార్ట్‌మత్ ఓడ నవంబరు 28న వచ్చింది. సుంకం కట్టందే తిరిగి వెళ్ళే అనుమతి ఇవ్వనని గవర్నరు భీష్మించాడు. డిసెంబరు 16 రాత్రి దాటితే టీ కస్టమ్స్ చేతికి పోతుంది. ఆ రాత్రే మూడు ఓడలెక్కి, పెట్టెలు పగలగొట్టి నీళ్ళలో పోశారు. అప్పుడు పోటు తగ్గి ఉండటంతో టీ ఆకు ఓడల పక్కనే కుప్ప పడింది, దాన్ని తోసి తోసి నీళ్ళలో కలపాల్సొచ్చింది.

పెట్టెలు 342 అని పుస్తకాల్లో ఉంటుంది, కంపెనీ లెక్కలో 340. బరువు 92 వేల పౌండ్లు, అంటే దాదాపు 42 టన్నులు. విలువ 9,659 పౌండ్లు. దాని మీద సుంకం ఎంతో వెయ్యండి: 92,000 × 3 పెన్నీలు, అంటే 1,150 పౌండ్లు. ఆ మాత్రం వసూలుకు పట్టుబట్టి, 1774 జూన్ 1 నుంచి బోస్టన్ రేవునే మూసేసే దాకా వెళ్ళింది ప్రభుత్వం.

ఆ టీ అస్సాంది అంటున్నారు, నిజమా? (హైదరాబాద్)

చైనాది. ఎక్కువ పెట్టెలు బోహీ అనే నల్ల టీ. సింగ్లో, హైసన్ అనే పచ్చ టీలు కూడా ఉన్నాయి. అస్సాంలో కంపెనీ టీ తోటల సంగతి 1830లలో మొదలైంది.

1773లోనే రెగ్యులేటింగ్ చట్టం కూడా వచ్చింది. సంబంధం ఉందా? (రాజమండ్రి)

రెండూ ఒకే అప్పుల గోతిలోంచి పుట్టాయి. కంపెనీ 1765లో బెంగాల్ దివానీతో (పన్ను వసూలు హక్కు) పాటు మన ఉత్తర సర్కారులకూ (కోస్తా జిల్లాలు) మొగల్ చక్రవర్తి షా ఆలం ఫర్మానా తెచ్చుకుంది. ఆ ఏడే అమెరికాలో స్టాంపు గొడవ. రాబడి వస్తుందన్న ఆశతో 1767 నుంచి ప్రభుత్వం కంపెనీ దగ్గర ఏటా 4 లక్షల పౌండ్లు అడిగింది. యుద్ధ ఖర్చులు, 1770 బెంగాల్ కరువు, లండన్ గిడ్డంగుల్లో పేరుకుపోయిన టీ కలిసి 1772లో కంపెనీ చేతులెత్తేసింది. ప్రభుత్వం 14 లక్షల పౌండ్లు అప్పిచ్చింది, అందుకు బదులుగా కంపెనీ పగ్గాలు పట్టుకోవడానికి రెగ్యులేటింగ్ చట్టం చేసింది. మూలుగుతున్న సరుకు వదిలించుకోవడానికి టీ చట్టం చేసింది. పరీక్షలో రెండింటినీ కలిపి రాయండి.