పాఠకుల ప్రశ్నలు: వాటర్‌స్కీ జట్టు సామాను

ప్రశ్న: మా కాలేజీ వాటర్‌స్కీ జట్టులో స్లాలమ్ (పడవ లాగుతుండగా నీళ్లలో తేలే బోయాల చుట్టూ వంపులు తిరిగే పోటీ) తాడు ఒకచోట తెగింది. ముడేసి వాడుతున్నాం. స్కీలు అందరం పంచుకుంటాం. ఇది సరేనా?

జవాబు: ఆ తాడును ఈరోజే పక్కన పెట్టండి. ముడి దగ్గర తాడు బలం దాదాపు సగానికి పడిపోతుంది. సాగి ఉన్న తాడు తెగితే ఆ తెగిన కొస పడవలో ఉన్నవాళ్ల ముఖం మీదికే ఎగిరి రావచ్చు. పైగా ముడి వల్ల పొడవూ మారుతుంది. స్లాలమ్‌కు హ్యాండిల్‌తో కలిపి 18.25 మీటర్లు ఉండాలి, తాడును పొట్టి చేసుకోవడానికి ఉండే తర్వాతి లూపులు 16, 14.25, 13 మీటర్లకు వస్తాయి. కొత్త తాడు మొదట్లో సాగుతుంది కాబట్టి కొన్ని రౌండ్లు వాడాక, లాగి బిగువుగా పట్టి మళ్లీ కొలవండి. హ్యాండిల్ కొసల దగ్గర తాడు నూగు లేచిందా అని ప్రతిసారీ వేలితో తడిమి చూడండి. అరుగుదల మొదలయ్యేది అక్కడే.

స్కీ పంచుకోవడంలో తప్పులేదు, పాదాన్ని స్కీకి పట్టి ఉంచే బైండింగే చిక్కు. వదులైతే పడ్డప్పుడు ఒక కాలు ఊడి, రెండోది ఇరుక్కుపోతుంది. చీలమండ మెలిపడేది అప్పుడే. పాదం సైజును బట్టి రెండు మూడు స్కీలు వేరుచేసి, బైండింగ్ ప్లేటు స్క్రూలు, ఫిన్ (స్కీ అడుగున వెనక ఉండే రెక్క) స్క్రూలు రోజూ నీళ్లలో దిగేముందు బిగించండి.

ట్రిక్ (విన్యాసాల) సాధనలో పాదానికి తాడు తగిలించుకుంటే పడవలో రిలీజ్ (స్కీయర్ పడగానే తాడును వదిలేసే పరికరం) పట్టుకునే మనిషి తప్పనిసరి. అతను స్కీయర్ మీద నుంచి చూపు తిప్పకూడదు. జంప్‌కు (ర్యాంప్ మీద నుంచి దూకడానికి) హెల్మెట్ లేకుండా ఎవరినీ పంపొద్దు. తాళ్లు, లైఫ్‌జాకెట్లు నీడలో ఆరేయండి, ఎండకు అవి పెళుసెక్కుతాయి.