‘ఇరవై పది’ అన్నాడంటే లెక్క తెలిసినట్టే

ప్రశ్న: మాది ఖమ్మం. పాపకు ఏడేళ్లు, బాబుకు ఐదేళ్లు. యూకేజీలో ఉన్నప్పుడు పాపకు రోజూ రెండు గంటల హోంవర్కు ఉండేది, దానికి తోడు ఏడుపు. ఏడాదిన్నర క్రితం బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాను. అందుకోసం నా అకౌంట్స్ ఉద్యోగం మానేశాను. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకు టైంటేబుల్ రాసి గోడకు అంటించాను గాని ఒక్కరోజు కూడా అది సాగలేదు. మొన్న బస్టాండులో పాప ‘సత్తుపల్లి’ బోర్డును తనంతట తానే చదివింది. ఆ పూట ఇంట్లో పండగే. బాబు మాత్రం ఇంకా ఇరవై తొమ్మిది తర్వాత ‘ఇరవై పది’ అంటున్నాడు. ఏ తరగతి అని చుట్టాలు అడిగితే ఏం చెప్పాలో తెలియక మా అత్తగారు ఇబ్బంది పడుతున్నారు. పిల్లలు వెనకబడుతున్నారేమో ఎలా తెలుసుకోవాలి? రేపు పదో తరగతికి, ఇంజినీరింగుకు, మెడిసిన్‌కు ఇది అడ్డం అవుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో భయాలు చాలా ఉన్నాయి, శుభవార్తలు రెండు ఉన్నాయి. ఆ రెండింటిలో ఒకదాన్ని మీరు పొరపాటున భయాల్లో కలిపేశారు. ముందు దాని సంగతి చూద్దాం.

మన అంకెల పేర్లు ఒకసారి పైకి చదవండి. పదకొండు, పన్నెండు, పదమూడు... పంతొమ్మిది దాకా దేని పేరు దానిదే, నోటికి పట్టించుకోవడం తప్ప దారి లేదు. ఇరవై దాటాక ఒక పద్ధతి కనిపిస్తుంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు. మీవాడు ఆ పద్ధతిని పసిగట్టాడు. తొమ్మిది తర్వాత పది వస్తుందని ముందే తెలుసు. రెండూ కలిపి ‘ఇరవై పది’ అన్నాడు. ఇందులో తప్పేముంది? ఇరవైకి పది కలిపితే ముప్పయ్యే కదా! వందదాకా చిలకలా అప్పజెప్పే పిల్లలు ఈ తప్పు చేయరు, ఎందుకంటే వాళ్లు ఆలోచించరు, అప్పజెబుతారు. మీవాడు ఆలోచించాడు కాబట్టే తప్పాడు.

‘కాదు, ముప్పై’ అని వెంటనే దిద్దకండి. చింతగింజలు ఇచ్చి పదేసి చొప్పున కుప్పలు పెట్టమనండి. రెండు కుప్పలు, పక్కన తొమ్మిది విడి గింజలు. ఇంకో గింజ వేయగానే మూడో కుప్ప తయారవుతుంది. వాడు దాన్ని చూసి ‘మూడు పదులు’ అన్నాక, ‘దీన్ని మనవాళ్లు ముప్పై అంటారు’ అని చెప్పండి. ముందు వస్తువు, ఆ తర్వాతే దాని పేరు. నలభై, యాభై పేర్లు వాడే వచ్చి అడుగుతాడు.

ఇక సత్తుపల్లి. ఆ పేరులో నాలుగే అక్షరాలు, వాటిలో రెండింటికి ఒత్తులు. ఒకదానికి ఒత్తుతో పాటు కొమ్ము కూడా. గుణింతాలు గడగడా చెప్పిన పిల్లలు సైతం ఒత్తుల దగ్గర నెలల తరబడి ఆగిపోతారు. మీ పాప అక్కడ ఆగకపోవడం బాగుంది గాని, నాకు అంతకంటే నచ్చింది వేరే విషయం. బస్టాండులో చదవమని ఎవరూ అడగలేదు. చేతిలో పుస్తకం లేదు, తప్పయితే మార్కులు పోవు, ఒప్పయితే స్టారు రాదు. చదవాలనిపించింది, చదివింది. పదో తరగతి, ఇంటర్ అయ్యాక కెరీర్ సలహా కోసం నా ఎదుట కుర్చీలో కూర్చునే పిల్లల్ని నేను మొదట అడిగేది మార్కులు కాదు. ‘ఎవరూ చెప్పకుండా నువ్వు చివరిసారి ఏం చదివావు?’ అని అడుగుతాను. చాలామంది అమ్మ వైపు చూస్తారు. ఎంపీసీనా బైపీసీనా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు, ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే మాత్రం నా పని కష్టం.

అందుకని మొదటి సలహా. రెండొందల పేజీల నోటు పుస్తకం ఒకటి కొని ఇలాంటివి తేదీ వేసి రాసి పెట్టుకోండి. రోజూ అక్కర్లేదు. వారానికి రెండు మూడు, ఒక్కొక్కటి రెండు వాక్యాలు చాలు. ‘పాప సత్తుపల్లి చదివింది, పక్కనున్న మణుగూరు చదవలేదు’ అన్నంత నిజాయితీగా ఉండాలి. పొగడ్తలు వద్దు. ఆ మధ్య ఒక తండ్రి నాకు ఇలాంటి పుస్తకమే తెచ్చి చూపించారు. ఆయన ఎనిమిదేళ్ల కొడుకు దోసె పిండి గిన్నెకు బయట బలపంతో గీతలు గీసేవాడట. రాత్రి తొమ్మిదికి ఒక గీత, పొద్దున ఆరుకు ఒక గీత. వేసవిలో పిండి నాలుగు వేళ్లు పైకి వచ్చింది. సంక్రాంతి రోజుల్లో ఒక్క వేలు. కారణం అన్న చోట ‘పిండికి చలేసింది’ అని పిల్లవాడి చేతిరాత. దాన్ని దిద్దకుండా వదిలేసినందుకు ఆ తండ్రికి మనసులోనే దండం పెట్టుకున్నాను. పిండిని పొంగించే సూక్ష్మజీవుల పని చలికి మందగిస్తుందన్న సంగతి తర్వాత ఎప్పుడైనా చెప్పవచ్చు. కొలవడం, రాసుకోవడం, రెండు రుతువులు పోల్చడం వాడికి అప్పటికే వచ్చేశాయి.

వెనకబడుతున్నారా అన్నారు. పక్కింటి పిల్లలతో పోల్చకండి, ఒక కొలత చెబుతాను. కేంద్ర ప్రభుత్వం 2021లో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో తరగతుల వారీగా లక్ష్యాలు ఉన్నాయి. అంకెల వరకు చెప్పాలంటే ఒకటో తరగతికి ముందు 10 వరకు, ఒకటిలో 99 వరకు, రెండులో 999 వరకు, మూడులో 9999 వరకు చదివి రాయగలగాలి. అంటే ఇరవై పది దగ్గర ఉన్న మీవాడు తన ఈడుకు ముందే ఉన్నాడు. పాప ఈ ఏడాది చివరికి మూడంకెల సంఖ్యలు చదివి రాస్తే చాలు. నిమిషానికి ఇన్ని పదాలు చదవాలన్న లక్ష్యం కూడా ఉంది గాని, స్టాప్‌వాచీ మాత్రం పట్టుకోకండి. ‘వెళ్లాల్సివచ్చింది’ అన్నది మనకు ఒకే పదం. వేరే భాషలో దానికి మూడు నాలుగు పదాలు పట్టవచ్చు. చదివినది తన మాటల్లో తిరిగి చెబుతోందా లేదా అన్నది చూడండి.

గోడ మీది టైంటేబుల్ తీసేయండి. బడికి ఆ గంటలు ఎందుకంటే ఒక్క టీచరు నలభై మందిని చూసుకోవాలి. హాజరు, వరుస, బెల్లు, నోటు పుస్తకాలు దిద్దడం, వీటికే సగం పూట పోతుంది. ఇద్దరే పిల్లలున్న ఇంట్లో ఈ వయసుకు కూర్చోబెట్టి చెప్పే చదువు పూటకు గంట, గంటన్నర సరిపోతుందని నా అభిప్రాయం. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశగా పెట్టి, ఆటపాటలతో సాగాలని చెప్పింది. మీ పిల్లలిద్దరూ ఆ దశలోనే ఉన్నారు. మిగతా పొద్దు చిక్కుళ్లు వలవడానికి, కూరగాయల సంచి మోయడానికి, దెబ్బలాడుకోవడానికి. అది వృథా కాదు.

చట్టం సంగతి నేరుగా చెబుతాను. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని దాని పదో సెక్షన్ అంటుంది. చేర్పించకపోతే శిక్ష ఏమిటో మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువుకు దరఖాస్తు పెట్టుకుని అనుమతి తెచ్చుకునే ఏర్పాటు కూడా అందులో లేదు. మన దేశంలో ఇలా చదివిస్తున్న వాళ్లంతా ఈ రెండింటికీ మధ్యనున్న జాగాలోనే నడుస్తున్నారు. ఇది తెలిసే నడవండి. అదే చట్టంలో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. బడికి వెళ్లని పిల్లలు ఎప్పుడు వచ్చినా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షన్. పాపకు తొమ్మిదేళ్లప్పుడు బడికి వెళతానంటే నాలుగో తరగతిలో కూర్చోవచ్చు, ఒకటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ప్రైవేటు బడులు చిన్న పరీక్ష పెడతాయి. చట్టం వద్దంటుంది, వాళ్లు పెడతారు. మీ నోటు పుస్తకం ఆ రోజు పనికొస్తుంది.

పదో తరగతికి రెండు దారులు. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఒకటి, దేశమంతటికీ ఉన్న జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ ఎన్ఐఓఎస్ రెండోది. రెండూ బడికి వెళ్లకుండానే పరీక్ష రాయనిస్తాయి. దేనికైనా పద్నాలుగేళ్లు నిండాలి. ఎన్ఐఓఎస్‌లో అంతకు ముందే ఏ, బీ, సీ అని మూడు మెట్లు ఉన్నాయి. అవి మూడు, ఐదు, ఎనిమిది తరగతులతో సమానం. ఐదో తరగతి స్థాయి పరీక్ష ఒకటి రాయించండి. చేతిలో ఒక కాగితం ఉంటే అత్తగారికి కూడా నిశ్చింత. ఎన్ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులతో పన్నెండో తరగతి పూర్తిచేసిన వాళ్లు జేఈఈ రాస్తున్నారు. నీట్‌కు 2018లో ఓపెన్ స్కూల్ పిల్లల్ని వద్దన్నారు, కోర్టుల్లో పోరాడాక ఆ అడ్డు తొలగింది. ముంబైలో ఇంటిదగ్గరే చదువుకున్న అమ్మాయి ఒకరు ప్రోగ్రామింగ్ ఒలింపియాడ్ పతకాలతో 2016లో అమెరికాలోని ఎంఐటీలో సీటు తెచ్చుకున్నారు. ఈ కథను మీకు చాలామంది చెబుతారు. వాళ్లు చెప్పకుండా వదిలేసేది ఏమిటంటే, పన్నెండో తరగతి సర్టిఫికెట్ లేనందుకు ఆ అమ్మాయికి ఇక్కడి ఐఐటీల్లో చేరే వీలు లేకపోయింది. కాబట్టి పది, పన్నెండు మాత్రం రాయించి తీరాలి.

చాలామంది చివరి నిమిషంలో తట్టుకుని పడే రాయి స్థానికత. కౌన్సెలింగ్‌లో ఎక్కడ చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడికి వెళ్లకుండా చదివిన వాళ్లు ఆ కాలానికి నివాస ధ్రువపత్రం పెట్టాలి, మామూలుగా అర్హత పరీక్షకు ముందు ఏడేళ్లది. కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రసీదులు, అద్దె అయితే ఒప్పందం ఇప్పటినుంచే ఒక ఫైల్లో పెట్టండి. అలాగే జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. ఒక్క అక్షరం తేడాతో కౌన్సెలింగ్ హాలు బయట ఏడ్చిన తల్లులు నాకు తెలుసు. ర్యాంకు రాక కాదు, అక్షరం కలవక.

మీ ఇంట్లో నాకు లోటుగా అనిపించింది ఒకటే, తోటి పిల్లలు. అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు ఆ లోటు తీర్చలేరు. గెలిస్తే మురిసిపోయి ఓడితే అలిగి మళ్లీ మర్నాడు పిలిచే పిల్లలు కావాలి. సాయంత్రం వీధిలో ఆట తప్పనిసరి చేయండి. శనివారం జిల్లా గ్రంథాలయంలో పిల్లల విభాగానికి తీసుకెళ్లండి. పాప తనంతట తాను బడికి వెళతానన్న రోజున మాత్రం ఇది మీ పట్టింపు కాకూడదు. నా పిల్లలిద్దరినీ నేను బడికే పంపాను. బడి చెడ్డదని నేను అనను, ఇంటి చదువు అందరికీ కుదురుతుందనీ అనను. మీకు ప్రస్తుతం కుదురుతోంది.

అత్తగారి సంగతి తేలిక. ఏ తరగతి అంటే ‘రెండో తరగతి ఈడు, ఇంట్లోనే చదువుతోంది’ అని చెప్పమనండి. ఆ పైన ఆవిడకు ఒక పని అప్పజెప్పండి. వామనగుంటలు ఆవిడకు తప్పకుండా వచ్చి ఉంటుంది. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి గింజలు. మొత్తం ఎన్ని గింజలు తేవాలో పాపను లెక్కపెట్టమనాలి. డెబ్బై అని చెప్పిందంటే ఐదో ఎక్కం ఆటలోనే మొదలైనట్టు. చుట్టాలు మళ్లీ అడిగితే ‘లెక్కలు నేనే చెబుతున్నాను’ అని ఆవిడే అంటారు, చూడండి.

చివరగా ఒక మాట. ఇంత పెద్ద ఉత్తరంలో మీ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ఉద్యోగం మానేశానని. కెరీర్ సలహా ఇవ్వాల్సింది ఐదేళ్ల బాబుకు కాదు, మీకు. ఏడాదిన్నర విరామం పెద్దదేమీ కాదు, ఐదేళ్లయితే అవుతుంది. అకౌంట్స్ వచ్చిన వాళ్లకు చిన్న దుకాణాల జీఎస్టీ రిటర్నులు ఇంటినుంచే చేసే పని దొరుకుతుంది. ఆ పని నెలలో 11, 20 తేదీల ముందు ఒత్తిడిగా ఉంటుంది, మిగతా రోజులు తేలిక. ఆ నాలుగైదు రోజులు పిల్లల్ని వాళ్ల నాన్న, నానమ్మ చూసుకోవాలి. ఈసారి రాసేటప్పుడు ఎన్నేళ్ల అనుభవం, ట్యాలీ వచ్చా, రిటర్నులు మీరే వేసేవారా, మళ్లీ చేయాలని ఉందా, ఇవన్నీ ఒక పేజీ రాయండి. బాబు ఎంతదాకా లెక్కపెడుతున్నాడో కూడా అందులోనే రాయండి.